గట్టు మీద ఇద్దరు: బావురు పిల్లి, ఎండాకు తెగులు

పోయిన సార్వాలో, అంటే ఖరీఫ్ వరిలో, వినాయక చవితి వెళ్లిన వారానికి మా చేను గట్టు మీద అడుగులు కనపడ్డాయండి. రాత్రంతా వాన కురిసి తెల్లారగట్ల తెరిపిచ్చింది, గట్టు మట్టి వెన్నలా ఉంది, దాని మీద గుండ్రంగా, కుక్కడుగు కన్నా వెడల్పుగా, నాలుగు వేళ్లూ విడివిడిగా పడ్డ గుర్తులు, కొన్నిటికి ముందర గోరు గీసిన గాటు కూడా సన్నగా ఉంది. మా నాన్న పంచె ఎగ్గట్టి గొంతుక్కూర్చుని చూసి "బావురు పిల్లిరా, రాత్రి డ్రెయిన్లోంచి ఎక్కి ఇటే నడిచింది" అన్నారు. లేచి రెండడుగులు వేశారో లేదో మళ్లీ ఆగి, వంగుని ఒక వరాకు తుంచి వెలుతురుకి ఎత్తి పట్టుకున్నారు. కొస నుంచి అంచు వెంబడే కిందకి దిగిన పసుపు చార, ఆ చార లోపలి గీత తిన్నగా లేదు, ఏటి ఒడ్డులాగ వంకర్లు తిరిగి ఉంది. "ఇదీ వచ్చేసింది" అన్నారు, అంతే, ఇంటికెళ్లేదాకా ఇంకో మాట లేదు.

ఆ పొద్దుట నుంచి ఈ రెండూ నా బుర్రలో జోడుగానే తిరుగుతున్నాయి. ఒకటి బాగా ఎదిగిన మగదైతే పదిహేను కిలోల దాకా తూగే అడవి జంతువు, రెండోది వెయ్యింటిని వరసగా పేరిస్తే గానీ ఒక మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో అవ్వని బాక్టీరియా. పిల్లికీ తెగులుకీ పోలికేంటి అని మా ఆవిడ అడిగింది. నాకైతే చూసేకొద్దీ పోలికలే కనపడుతున్నాయి, ఆ పోలికల్లోనే మేం ఇన్నాళ్లూ చేస్తున్న పొరపాట్లు కూడా కనపడుతున్నాయి, అందుకే కూర్చుని రాస్తున్నా. కొంచెం పొడుగే అవుద్ది, ఓపిగ్గా చదవండి.

మాది తాళ్లరేవు వైపు ఊరు, కోరంగి మడ అడవికి దగ్గర్లోనే. మావి శివారు భూములు, అంటే ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర వదిలిన నీళ్లు పైవాళ్లందరూ పెట్టుకున్నాక ఆఖర్న మాకొస్తాయి, వానొస్తే పైవాళ్ల మురుగంతా మా మీద నుంచే సముద్రానికి పోవాలి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచీ ఈ డెల్టా అన్నం తింటోంది, అందులో సందేహం లేదు, కానీ శివారు రైతుకి నీళ్లు రావడం ఎంత ముఖ్యమో పోవడం అంతకన్నా ముఖ్యం. మా మూడెకరాలకి ఒక పక్క పంటబోదె, ఇంకో పక్క మురుగు డ్రెయిను. బోదె లోంచి తెగులు వస్తుంది, డ్రెయిన్లోంచి పిల్లి వస్తుంది. రెండూ నీళ్ల దారినే వస్తాయి.

ముందు పిల్లి సంగతి చెప్తాను. మా వైపు కోళ్లు ఎత్తుకుపోయే ఏ అడవి పిల్లినైనా బావురు పిల్లి అనేస్తారు, దాంతో జంగిల్ క్యాటూ ఇదీ కలిసిపోతాయి. నేను చెప్పేది చేపలు పట్టేది, నీటిపిల్లి అని కూడా అంటారు, ఇంగ్లీషువాళ్లు ఫిషింగ్ క్యాట్ అంటారు. ఇంట్లో పిల్లికి రెండింతలుంటుంది, బూడిద రంగు ఒంటి మీద నల్లటి మచ్చలు వరసల్లో పేర్చినట్టు ఉంటాయి, తోక ఒంటికి తగ్గ పొడుగుండదు, పొట్టిగా మందంగా ఉంటుంది. బొచ్చు రెండు పొరలండి, చర్మాన్ని ఆనుకుని పొట్టిగా దట్టంగా ఒక పొర, దాని మీద పొడుగు వెంట్రుకలు, లోపలి పొర దాటి నీళ్లు ఒంటికి తగలవు. గోళ్లు మిగతా పిల్లుల్లాగ పూర్తిగా లోపలికి పోవు, కొసలు కొంచెం బయటే ఉంటాయి, మా గట్టు మీద కనపడ్డ గాట్లు అవే. వేళ్ల మధ్యన కొంతమేర పల్చటి చర్మం ఉంటుంది.

ఆ చర్మం నేను చేత్తో ముట్టుకుని చూశాను. నాకప్పుడు పదేళ్లు, ఊరి చివర చేపల చెరువు దగ్గర రాత్రి కాపలావాళ్లు ఒకదాన్ని కర్రలతో కొట్టి చంపేశారు, పొద్దున్నే ఊరంతా చూడ్డానికెళ్లాం. చిరుతపులి పిల్ల అని ఒకరు, పెద్దపులి పిల్ల అని ఒకరు, తల్లి వెతుక్కుంటూ వస్తుందని పిల్లల్ని ఇళ్లలోకి పొమ్మని ఇంకొకరు. నేను దాని ముందు కాలు పట్టుకుని వేళ్లు విడదీశాను, మధ్యలో బాతు కాలికున్నట్టు సన్న పొర, తడిగా చల్లగా ఉంది. పులికి ఇలా ఉండదు కదా అనిపించింది కానీ పెద్దాళ్ల మధ్యలో నోరెత్తలేదు. అది పులి పిల్ల కాదు, ఎదిగిన పిల్లే, ఆ చెరువులో దానిక్కావాల్సింది రెండు చేపలు. ఇప్పటికీ మా వైపు వాట్సాప్‌లో ఏదన్నా గట్టు మీద మచ్చల జంతువు ఫోటో వస్తే కింద చిరుత అనే రాసి ఉంటుంది, నేను చూసిన ప్రతిసారీ కాదని చెప్పి అడుగులు ఎలా ఉంటాయో తోక ఎలా ఉంటుందో రాసి పెడుతుంటాను.

ఇది 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్న జంతువు, అంటే పులికి ఎంత రక్షణో దీనికీ అంతే. ప్రపంచం మొత్తం మీద ముప్పున్న జాతుల్లో లెక్క. పశ్చిమ బెంగాల్ వాళ్లు దీన్ని రాష్ట్ర జంతువుగా పెట్టుకున్నారు. మన కోరంగి అభయారణ్యం 1978లో ఏర్పడింది, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అందులో ఈ పిల్లులున్నాయని కెమెరాలు పెట్టి చూశారు. కానీ పిల్లికి అభయారణ్యం హద్దురాళ్లు తెలియవు కదండీ, డ్రెయిన్లు పట్టుకుని చేలల్లోకీ చెరువుల మీదకీ వస్తుంది, గోదావరి, కృష్ణా డెల్టాల్లో అడవికి బయట కూడా ఇవి బతుకుతున్నాయి. అసలు చిక్కంతా అక్కడే.

ఇక రెండోదాని సంగతి. పుస్తకం పేరు జాంథోమోనాస్ ఒరైజే, జాంథోస్ అంటే గ్రీకులో పసుపు, ల్యాబులో పెంచితే పసుపు రంగు ముద్దలుగా పెరుగుతుందని ఆ పేరు. మనం బాక్టీరియా ఎండాకు తెగులు అంటాం. జపాన్లో ఫుకుఓకా అనే చోట రైతులు 1884 ప్రాంతంలో దీన్ని మొదట గమనించారు, నేలలో పులుపు ఎక్కువై ఇలా అవుతోందని చాలాకాలం అనుకున్నారు, తర్వాత పొద్దున్నే ఆకు మీద ఉండే బొట్లు తేటగా లేవు, మడ్డిగా ఉన్నాయని ఎవరో పరీక్షగా చూస్తే అందులో కుప్పలుగా బాక్టీరియా దొరికింది. నాకు ఈ కథ చాలా ఇష్టం, ఎందుకంటే మా తాత కూడా ఆకులు తెల్లబడితే "మంచు కొట్టింది" అనేవాడంట. బొట్టు దగ్గరికి ఆయనా వచ్చాడు, ఆ బొట్టులో ఏముందో చూసే సాధనం ఆయనకి లేదు.

మాకు ఆ సాధనం గాజు గ్లాసు రూపంలో దొరికింది. కొన్నేళ్ల కిందట రైతుల మీటింగులో ఒక శాస్త్రవేత్త చూపించారు, అప్పట్నుంచి నేను ప్రతి సార్వాలోనూ చేస్తాను, మీరూ చెయ్యండి. తెగులనుకున్న ఆకుని పచ్చకీ పసుపుకీ మధ్యన కత్తెరతో కోసి, తేట నీళ్లున్న గ్లాసులో కోసిన వైపు మునిగేలా నిలబెట్టండి. వెలుతురుకి ఎదురుగా పెట్టి కొద్ది నిమిషాలు కదలకుండా చూడండి. బాక్టీరియా ఉంటే ఆ కోత లోంచి పాలదారంలాగ ఒకటి సన్నగా కిందకి దిగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, ఆ దారంలో ఉన్నవన్నీ ప్రాణాలే, కోట్లలో, అవన్నీ ఆ ఒక్క ఆకు నీటిగొట్టాల్లో ఉన్నాయి. ఆకు ఎండటానికి పొటాష్ తక్కువైనా కారణమే, ఆకుముడత పురుగు గీకినా తెల్లబడుతుంది, కానీ వాటికి పాలు దిగవు.

ఆ గ్లాసు తెలియని రోజుల్లో ఒక సార్వా మాకు మట్టిగొట్టుకుపోయింది. చేను పసుపు తిరిగితే ఆకు పట్టుకెళ్లి మందుల షాపులో చూపించాం, షాపాయన చూసీ చూడకుండానే బలం తక్కువైంది, యూరియా దంచండి, ఈ మందు కొట్టండి అన్నాడు. నమ్మి ఎకరానికి అరబస్తా చల్లాం. ఈ తెగులుకి నత్రజని అంటే పండగ, ఆకు ఎంత లేతగా ముదురాకుపచ్చగా ఉంటే దానికంత సుఖం. పది రోజుల్లో చేను మొత్తం దూరం నుంచి చూస్తే ఎండగడ్డి పరిచినట్టయిపోయింది. ఈనే టైముకి పోటాకే, అంటే కంకి కింద ఉండే ఆఖరి ఆకే, ఎండిపోయింది, ఇంకేం పాలు పోసుకుంటాయి గింజలు, సగానికి సగం తాలు. కోత కూలి కూడా చేతినుంచే పడింది. మా నాన్న ఆ ఏడు బంగారం కుదవ పెట్టారు, అది నాకు మర్చిపోయే విషయం కాదు.

ఇప్పుడు పోలిక దగ్గరికి వస్తాను. నీటిపిల్లి చేపని ఎలా పడుతుందో తెలుసా? ఒడ్డున కదలకుండా కూర్చుంటుంది, ముందు కాలితో నీటి పైపొరని మెల్లిగా తడుతుంది. పురుగు పడితే నీళ్లు ఎలా వణుకుతాయో అలా వణికిస్తుంది. చేప మేత వచ్చిందనుకుని పైకొస్తుంది, రాగానే పంజా పడుతుంది, లేదా మొత్తంగా దూకేస్తుంది. అంటే చేప భాషలో చేపకి ఒక దొంగ కబురు పంపిందన్నమాట.

ఆ బాక్టీరియా చేసేదీ అచ్చం ఇదే. లోపలికొచ్చాక అది వరి కణానికి సూదిలాంటి గొట్టం గుచ్చి కొన్ని ప్రొటీన్లు ఎక్కిస్తుంది. ఆ ప్రొటీన్లు తిన్నగా కణం కేంద్రకంలోకి పోయి వరి డీఎన్‌ఏ మీద ఒకానొక చోట కూర్చుంటాయి, వరి తన సొంత ప్రొటీన్లతో జీన్‌ని ఆన్ చేసుకుంటుంది చూడండి, అలాగే ఆన్ చేసేస్తాయి. ఏ జీన్ అంటే పంచదారని కణం నుంచి బయటకి పంపే గేటు జీన్. మొక్క తన చేత్తోనే గేటు తీసి పంచదార పోస్తుంది, బయట ఇవి తాగుతాయి. వరి భాషలో వరికి దొంగ కబురు. పిల్లి నీళ్ల మీద రాసింది, ఇది డీఎన్‌ఏ మీద రాసింది.

ఈ ప్రొటీన్లు డీఎన్‌ఏ మీద ఏ అక్షరాల దగ్గర కూర్చోవాలో ఎలా ఎంచుకుంటాయన్నది 2009లో రెండు శాస్త్రవేత్తల బృందాలు విడివిడిగా తేల్చాయి. ఆ ప్రొటీన్లో ఒక్కో ముక్క ఒక్కో అక్షరాన్ని చదువుతుంది, ముక్కలు మారిస్తే చదివే మాట మారుతుంది. అంతే, మనుషులు దాన్ని పట్టుకుని మనకి కావాల్సిన చోట డీఎన్‌ఏ కత్తిరించే పనిముట్టు చేసేశారు, టాలెన్ అంటారు. 2015లో లండన్లో లుకేమియాతో ఉన్న ఏడాది పాపకి, ఏ మందూ పనిచెయ్యని దశలో, ఈ పనిముట్టుతో మార్చిన కణాలు ఎక్కించారు. మా నాన్న బంగారం కుదవ పెట్టించిన బాక్టీరియా కుటుంబం నుంచే ఆ కిటుకు వచ్చిందని చదివినప్పుడు నేను చాలాసేపు ఫోన్ పక్కన పెట్టి కూర్చున్నా. నష్టం నష్టమే, అది తగ్గదు, కానీ దాన్ని వట్టి దరిద్రం అని మాత్రం ఇక అనలేకపోయాను.

రెండో పోలిక అంచు. పిల్లి నడి అడవిలో బతకదు, నడి నీళ్లలోనూ బతకదు, రెండూ కలిసే చోట బతుకుతుంది, జమ్ము, తుంగ, మడ వేళ్లు, బురద గట్టు. బాక్టీరియా కూడా ఆకు మధ్యలోంచి దిగదు. వరాకు అంచునా కొసనా చిన్న చిన్న నీటి రంధ్రాలుంటాయి. పొద్దున్నే ఆకు కొసన ముత్యంలా మెరిసే బొట్టు ఉంటుంది చూశారా, మనం మంచనుకుంటాం గానీ చాలాసార్లు అది మంచు కాదు, రాత్రి మొక్క వేళ్లతో తాగి ఎక్కువైన నీళ్లని ఆ రంధ్రాల్లోంచి బయటకి తోసింది. ఎండెక్కాక ఆ బొట్టులో కొంత మళ్లీ లోపలికి పోతుంది, ఆ బొట్టులో ఈదుతున్న బాక్టీరియా కూడా దాంతో పాటే పోతుంది. దానికి ఈదటానికి ఒక తోక కూడా ఉంది. అక్కడ్నుంచి తిన్నగా ఆకు నీటిగొట్టాల్లోకి. మేం గట్టు అంటాం, ఆకుకి అది అంచు.

ఇంకో దారి గాయం. పెనుగాలికి ఆకూ ఆకూ ఒరుసుకుని చిట్లితే అందులోంచి దిగుతుంది, అందుకే వాయుగుండం వెళ్లిపోయిన వారం పది రోజులకి చేలు పసుపు తిరుగుతాయి. కొన్నిసార్లు ఆ గాయం మనమే చేస్తాం. ఆకుమడి ముదిరిపోతే ఊడ్చేటప్పుడు నారు కొసలు కట్టకి కట్ట కొడవలితో తెగ్గోసి నాటుతారు, పడిపోకుండా నిలబడతాయని. మా ఊళ్లో ఎప్పటినుంచో అలవాటు. ఒక్క కట్టలో తెగులుంటే ఆ కొడవలి అన్ని కట్టలకీ అంటిస్తుంది, వందల తలుపులు తెరిచి పెట్టి పిలిచినట్టే. అలా లేత నార్లో పడితే మొక్క మొక్కే వాడి చచ్చిపోతుంది, దాన్ని క్రెసెక్ అంటారు, ఇండోనేషియా మాట, ఎండాకులు నలిపితే వచ్చే చప్పుడంట. ఎకరాలకెకరాలు ఆ చప్పుడు విన్నవాళ్లు పెట్టిన పేరు అది, నాకు చదువుతుంటేనే దిగులేసింది. మేం కొసలు కొయ్యడం మానేసి నాలుగేళ్లయింది, ఊడ్పుల ముఠా మేస్త్రికి మొదట్లో నచ్చలేదు గానీ ఇప్పుడు ఆవిడే మిగతా రైతులకి చెప్తోంది.

తేడాలు లేవా అంటే బోలెడు. పిల్లి రెండు నెలలు మోసి రెండో మూడో పిల్లల్ని పెడుతుంది, వాటిని జమ్ములో దాచి నెలలకొద్దీ సాకుతుంది. బాక్టీరియా గంటల్లో రెండింతలవుతుంది. పిల్లిని ఒక్కదాన్ని కొట్టి చంపితే ఆ డ్రెయిను మీద మళ్లీ ఎప్పటికి ఇంకోటి వస్తుందో చెప్పలేం. బాక్టీరియాని మీరు ఎన్ని కోట్లు చంపినా మిగిలిన వాటిలోంచి కొత్త రకం లేస్తుంది, ఒకప్పుడు ఆసియా అంతా ఒకే తెగులునిరోధక జీన్ ఉన్న వంగడాల్ని చల్లితే కొన్నాళ్లకి చాలాచోట్ల అది పనిచెయ్యకుండా పోయింది. అలాంటిది, మేం కర్ర పట్టుకుని వెంటపడేది పిల్లి మీద, కళ్ల ముందు ఏళ్లకేళ్లు పంట తినేసే దాన్ని మంచు అనీ బలం తక్కువ అనీ సరిపెట్టుకుంటాం. కంటికి కనపడేదే శత్రువు అనిపిస్తుంది, నాకూ అనిపించేది.

తెగులుకి నయం చేసే మందు అంటూ గట్టిగా చెప్పుకోదగ్గది లేదండి, షాపుల్లో ఎవరేం చెప్పినా. వచ్చాక చెయ్యగలిగేది మడిలో నీళ్లు తీసెయ్యడం, యూరియా ఆపెయ్యడం, పొటాష్ చూసుకోవడం. అసలు పని వంగడంలో ఉంది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి, 1986లో వచ్చింది, మనందరి కంచాల్లో ఉండే బీపీటీ 5204, అంత మంచి అన్నానికీ ఈ తెగులంటే తట్టుకునే శక్తి లేదు. హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లూ వరి పరిశోధన సంస్థ వాళ్లూ కలిసి దానికి మూడు జీన్లు కలిపి ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అని 2008లో విడుదల చేశారు. ఇది జన్యుమార్పిడి పంట కాదు, మామూలుగా సంకరం చేసుకుంటూ ప్రతి తరంలోనూ డీఎన్‌ఏ గుర్తులు చూసి ఏరుకుంటూ పోయారు.

ఆ మూడింటి పని తెలిస్తే ముచ్చటేస్తుంది. ఒకటి ఆఫ్రికాలో మాలీ దేశపు అడవి వరి నుంచి వచ్చింది, బాక్టీరియా బయటకి వదిలే ఒక చిన్న ప్రొటీన్ ముక్కని అది పసిగట్టి మొక్కకి హెచ్చరిక పంపిస్తుంది, గడప దగ్గర కాపలా కుక్క అనుకోండి. రెండోది ఆ పంచదార గేటే, కానీ దాని ముందరి డీఎన్‌ఏ రాత కొంచెం వేరు, దొంగ కబురు అక్కడ చదవబడదు, గేటు తెరుచుకోదు. మూడోది, జీన్లని ఆన్ చేసే యంత్రంలో ఒక చిన్న భాగం మారి ఉంటుంది, దొంగ ప్రొటీన్‌కి దాని మీద పట్టు దొరకదు. పసిగట్టేది ఒకటి, మోసపోనివి రెండు. మూడూ ఒక్కసారే దాటాలంటే బాక్టీరియాకి చాలా కష్టం. మా వైపు సార్వాకి చాలా ఏళ్లు మారుటేరు స్వర్ణే రాజ్యం, ఎంటీయూ 7029, దానికీ ఈ తెగులు బాధ ఉంది. విత్తనం మారుద్దామంటే మిల్లర్ కొంటాడా లేదా అనేది మా నాన్న మొదటి ప్రశ్న, ఆయన్ని తప్పుపట్టలేను.

ఇక అసలు తగువు గట్టు గురించి. పోయిన సార్వా అయ్యాక మా బాబాయి ఒక మాటన్నాడు. "ఒరేయ్, ఈ తెగులు గట్ల మీద గడ్డిలో కాపురం ఉండి మళ్లీ చేలో దిగుతుందంట కదా, పొక్లెయిన్ పెట్టి గట్టూ, డ్రెయిను ఒడ్డూ నున్నగా గీకించేద్దాం, ఆ పిల్లి పీడా వదుల్తుంది." ఆయన చెప్పిన మొదటి ముక్క నిజమే. వరికి చుట్టమైన కొన్ని గడ్డి జాతుల్లో ఈ బాక్టీరియా పంట లేని కాలం గడుపుతుంది, కోసేసిన మోళ్లలోనూ, మళ్లీ చిగిర్చిన పిలకల్లోనూ ఉంటుంది, గట్లు శుభ్రం చెయ్యమని వ్యవసాయ శాఖ వాళ్లూ చెప్తారు. కానీ ఆ ఒడ్డే పిల్లికి ఇల్లు. ఒకదాన్ని వెళ్లగొట్టడానికి రెండోదాని ఇల్లు కూల్చాలా అని నాకు వారం రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు.

అప్పుడు నేను చేసింది చాలా మామూలు పని, ఒడ్డు మీద ఏమేం మొలిచాయో నడుచుకుంటూ చూడ్డం. చేను గట్టు లోపలి వైపు, నీళ్లని ఆనుకుని ఉన్నది వరిలాంటి గడ్డి, పీకి చూస్తే ఆకు అంచు చెయ్యి గీసుకుంటుంది, అది తెగులుకి చుట్టం. డ్రెయిను వైపు నిలువెత్తున ఉన్నది జమ్ము. జమ్ము వరి కుటుంబమే కాదు. పిల్లికి కావాల్సింది జమ్ము, తెగులుకి కావాల్సింది ఆ గడ్డి, రెండూ ఒకే గట్టుకి రెండు వైపులా ఉన్నాయి. దూరం నుంచి చూస్తే అంతా ఒకటే పచ్చదనం, అందుకని ఒకటే అనుకున్నాం.

బాబాయికి ఇదంతా చెప్తే సగం విన్నాడు. మిగతా సగం ఎలుకలు వినిపించాయి. దాళ్వాలో, అంటే రబీ వరిలో, ఎలుకల బుట్టలు పెట్టడానికి వచ్చే ఆయనకి బుట్టకింత అని ఇస్తాం కదా, ఆయనే చెప్పాడు, జమ్ము ఉన్న డ్రెయిను పక్క చేలల్లో ఎలకలు తక్కువ పడుతున్నాయి బాబూ అని. నీటిపిల్లి చేపలతో పాటు ఎలకల్నీ పీతల్నీ కూడా తింటుంది. గట్టుకి బొరియలు పెట్టేది ఎలకలూ పందికొక్కులూ పీతలే, ఆ బొరియల్లోంచే పైచేను తెగులు నీళ్లు మా చేలోకి ఊరతాయి. ఇది నేను లెక్కలు కట్టి రుజువు చేసింది కాదు, మా మూడెకరాల్లో కళ్లతో చూసింది. బాబాయి మాత్రం "సరే, జమ్ము జోలికెళ్లను, చెరువు మీద చేపలకి పడితే మాత్రం ఊరుకోను" అన్నాడు. ఆయనకి చిన్న చేపల చెరువుంది, ఆయన బాధా నిజమే. మూలల్లో వల కట్టుకుందాం, ఉచ్చులు మాత్రం వద్దు అని బతిమాలి ఒప్పించాను, వల నేనే కొని కట్టాను.

2011లో కోనసీమ రైతులు సార్వా వెయ్యం అని క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు వాళ్లు చెప్పిన బాధల్లో మురుగు పోకపోవడం కూడా ఒకటి. ఇప్పుడు చూస్తే మా చుట్టూ ఎన్నో చేలు రొయ్యల చెరువులైపోయాయి, గట్లన్నీ స్కేలు పెట్టి గీసినట్టు, గడ్డిపరక కూడా లేకుండా, రాత్రంతా లైట్లు. ఆ గట్ల మీద పిల్లి ఎక్కడ నక్కుతుంది. డ్రెయిన్లు పూడిపోయి మురుగు ఎదురు తంతే మడిలో నీళ్లు తియ్యమన్నా ఎటు తీస్తాం, ఆ నిలవ నీళ్లలో తెగులు పండగ చేసుకుంటుంది. డ్రెయిను పూడిక తియ్యమని మేం అర్జీలు పెడుతూనే ఉన్నాం, తీసేటప్పుడు నడిమధ్య తవ్వి ఒక ఒడ్డునైనా జమ్ము వదలమని కూడా రాశాం ఈసారి. రెండో మాట చదివి అర్జీ తీసుకున్నాయన తల ఎత్తి మా వైపు చూశాడు, ఎందుకండీ అన్నాడు, చెప్పాం, రాసుకున్నాడు.

ఈ సార్వాకి గట్టు లోపలి గడ్డి నేనూ మా నాన్నా కొడవళ్లతో కోసి వేళ్లతో సహా పీకి తగలెట్టాం. యూరియా మూడు దఫాలుగా, అది కూడా ఆకు రంగు చూసుకుని వేశాం. మొన్న వాన వెలిసిన పొద్దుట వెళ్తే జమ్ము మొదట్లో చేప పొలుసులూ, ఒక తల ముక్కా, పక్కన బురదలో ఆ గుండ్రటి అడుగులూ ఉన్నాయి. మా నాన్న కాలితో తొక్కకుండా పక్కనుంచి దాటారు. నేను రెండు మళ్లలోంచీ ఆకులు కోసుకొచ్చి అరుగు మీద రెండు గ్లాసులు పెట్టాను. పైమడి ఆకు పెట్టిన గ్లాసు పావుగంటైనా తేటగానే ఉంది. బోదె పక్క మడి ఆకుకి మాత్రం సన్నగా పాలదారం దిగింది, మా నాన్న చూసి తువ్వాలు భుజాన వేసుకుని నీళ్లు తియ్యడానికి పార పట్టుకుని బయల్దేరారు, నేనూ వెనకాలే వెళ్లాను.